ఫ్రీలాన్స్ జర్నలిస్టుగా నిలబడటం ఎలా: మొదటి ఫైలు నుంచి మొదటి పుస్తకం దాకా

ఉద్యోగం లేకుండా విలేకరిగా బతకడం ఒక్క రాతతో తేలే వ్యవహారం కాదు. ఒకసారి ఊళ్లు తిరిగి తెచ్చుకున్న సమాచారం ఎన్నిసార్లు, ఎన్ని రూపాల్లో పనికొస్తుందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి మొత్తం ఒక ఫైలు చుట్టూ తిరుగుతుంది. ఉదాహరణకు గుంటూరు మిర్చిని తీసుకున్నాం. మీ అంశం చేనేత కావచ్చు, గురుకులాలు కావచ్చు, వరుస మాత్రం ఇదే.

1. దిగేముందు దగ్గర ఉండాల్సినవి

అన్నిటికంటే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు. కథనం అచ్చయ్యాక బిల్లు వెళ్లాలి, అది అకౌంట్స్ సెక్షన్ దాటాలి. మొదటి కథనానికీ మొదటి చెల్లింపుకూ మధ్య మూడు నాలుగు నెలలు గడిచిపోవడం మామూలే. ఈ డబ్బు లేకుండా దిగినవాళ్లు రెండో నెలలోనే ప్రెస్ నోట్లు తిరగరాసే పనిలో పడతారు.

సరిచూసుకోండి:
- మంచి మైకున్న ఫోను, పవర్ బ్యాంకు
- జేబులో పట్టే నోటుబుక్కు, రెండు బాల్‌పెన్నులు (జెల్ పెన్ను వద్దు, వాన చుక్క పడితే పేజీ పోతుంది)
- యూనికోడ్ తెలుగులో వేగంగా టైపు చేసే అలవాటు
- పాన్ కార్డు, రాత ఆదాయం కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా
- మీ అసలు పేరుతో మెయిల్ ఐడీ
- వేర్వేరు చోట్ల రెండు బ్యాకప్‌లు

ప్రభుత్వం జర్నలిస్టులకు ఇచ్చే అక్రెడిటేషన్ (గుర్తింపు) కార్డు కోసం ఆగకండి. కేంద్రం ఇచ్చే కార్డుకు ఫ్రీలాన్సర్లయితే 15 ఏళ్ల అనుభవం చూపాలి. సమాచార హక్కు దరఖాస్తుకు కార్డు అక్కర్లేదు, మిరప చేలోకి వెళ్లడానికీ అక్కర్లేదు.

2. బీటు (ఎప్పుడూ రాసే అంశం) ఒక్కటే ఎంచుకోండి

‘సామాజిక సమస్యలు రాస్తాను’ అంటే డెస్కుకు (కథనాలు ఎంచి, దిద్దే ఎడిటర్లకు) ఏమీ చెప్పనట్టే. ఎంచుకున్న అంశాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఏడాది పొడవునా ఇందులో ఏదో ఒకటి జరుగుతూ ఉంటుందా? దీని లెక్కలు ఏదో ఒక ఆఫీసులో కాగితం మీద ఉన్నాయా? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరగలరా?

మిర్చికి మూడూ కుదురుతాయి. జులై, ఆగస్టుల్లో నార్లు, విత్తనాల గొడవలు. ఆ తర్వాత తెగుళ్లు, పురుగులు. 2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు ఎన్ని తోటల్ని మింగిందో రైతులు ఇప్పటికీ చెబుతారు. జనవరి నుంచి కోతలు, వలస కూలీలు, మార్కెట్ యార్డులో ధరలు. ఎండాకాలం ముదిరాక కోల్డ్ స్టోరేజీలు, వాటి బాండ్ల (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదుల) మీద అప్పులు. పన్నెండు నెలలూ పని దొరుకుతుంది.

మూడో ప్రశ్నను చిన్నచూపు చూడకండి. ఒక్కో కథనానికి రెండు రాత్రులు లాడ్జిలో ఉండాల్సి వస్తే ఏ పారితోషికమూ సరిపోదు.

3. ఫైలు కట్టండి

రాయడం మొదలుపెట్టే ముందు కనీసం రెండు నెలలు ఈ పని మీదే ఉండండి. ఫైల్లో నాలుగు భాగాలు: మనుషులు, లెక్కలు, కాగితాలు, తేదీలు.

మనుషుల జాబితాలో పాతికమంది ఉండాలి. అందరూ రైతులే అయితే ఫైలు కుంటుతుంది. సొంత భూమి రైతులు, కౌలు రైతులు విడివిడిగా ఉండాలి. వాళ్లతో పాటు యార్డులో హమాలీ, కమీషన్ వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ గుమాస్తా, విత్తనాల షాపు యజమాని, ఉద్యాన శాఖ అధికారి, లాం పరిశోధనా కేంద్రంలో మిరప మీద పనిచేసే శాస్త్రవేత్త. ప్రతి పేరు పక్కనా ఎప్పుడు మాట్లాడారో, పేరు రాయడానికి ఒప్పుకున్నారో లేదో రాసుకోండి.

లెక్కల్లో కొత్తవాళ్లు జారేది ధర దగ్గరే. యార్డు బులెటిన్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర కూడా ఉంటుంది. ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర అదే. గరిష్ఠ ధర ఒకటి రెండు లాట్లకే పడి ఉండొచ్చు. దాన్ని పట్టుకుని ‘మిర్చికి రికార్డు ధర’ అని హెడ్డింగ్ పెడితే మర్నాడు రైతులే ఫోన్ చేస్తారు. తేజ, 334, 341 రకాలను, తాలు (రంగు తప్పిన నాసిరకం) కాయలను విడివిడి గడుల్లో రాయండి. కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

వారానికి ఒకే రోజు, ఉదాహరణకు ప్రతి సోమవారం, ఆ రోజు ధరలు, వచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య రాసుకోండి. ఏడాది తిరిగేసరికి 50కి పైగా వరుసల పట్టిక మీ సొంతం. ప్రతి కథనంలోనూ దాని నుంచి ఒక ముక్క వాడుకోవచ్చు.

ఫోటోలకు, ఆడియోలకు ఫైలు పేర్లు ఇలా పెట్టండి: సంవత్సరం, నెల, తేదీ, ఊరు, మనిషి లేదా చోటు. ‘మిర్చి ఫైనల్ కొత్తది 2’ లాంటి పేర్లతో ఆరు నెలల తర్వాత ఏదీ దొరకదు. ఫోన్లోని అసలు ఫైళ్లను ఎడిట్ చేయకుండా అలాగే దాచండి. వివాదం వస్తే పనికొచ్చేవి అవే.

4. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి

2005 చట్టం కింద దరఖాస్తు పెట్టడానికి తెల్లకాగితం చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రామస్థాయి కార్యాలయాలకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. నకళ్లకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు.

అసలు పని ప్రశ్న రాయడంలో ఉంది.

పనికిరాని ప్రశ్న: “జిల్లాలో నకిలీ మిర్చి విత్తనాలు ఎందుకు అమ్ముతున్నారు? ఎందుకు చర్య తీసుకోలేదు?”

పనికొచ్చే ప్రశ్న: “2024 జూన్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మీ పరిధిలో పరీక్షకు పంపిన మిర్చి విత్తన నమూనాల సంఖ్య మండలాల వారీగా; వాటిలో ప్రమాణాలకు తగ్గినవని తేలిన నమూనాల సంఖ్య; ఆ నమూనాలపై జారీ చేసిన నోటీసుల నకళ్లు.”

‘ఎందుకు’ అని అడిగితే, అది సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కతో తిప్పికొడతారు. తేదీల హద్దు, చోటు హద్దు, కాగితం పేరు చెప్పి అడిగితే తప్పించుకోవడం కష్టం. ఒక దరఖాస్తులో నాలుగు అంశాలకు మించొద్దు.

గడువులు డైరీలో రాసుకోండి:
- జవాబుకు 30 రోజులు
- తప్పు ఆఫీసుకు వెళ్తే వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి
- జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు
- ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు
- గడువు దాటాక ఇచ్చే సమాచారానికి రుసుము తీసుకోకూడదు

నకళ్లకు వేల రూపాయలు కట్టమని ఉత్తరం వస్తే కంగారు పడకండి. రికార్డుల పరిశీలనకు అనుమతి అడగండి. మొదటి గంట ఉచితం. రిజిస్టరు చూసి, కావాల్సిన పది పేజీలకే డబ్బు కట్టొచ్చు.

5. ఇంటర్వ్యూల వరుస తప్పొద్దు

ముందు నష్టపోయిన మనిషి, తర్వాత కాగితాలు, తర్వాత మధ్యవర్తులు, చివరగా ఆరోపణ ఎదుర్కొనే వ్యక్తి లేదా అధికారి. ఈ వరుసను తిరగేసి ముందే అధికారి దగ్గరికి వెళ్తే ఆయన చెప్పినదే కథనానికి చట్రమవుతుంది. రైతు మాట పక్కన చిన్న బాక్స్ ఐటమ్‌కు దిగిపోతుంది.

‘నష్టం ఎంత వచ్చింది?’ అని అడగకండి. ఉజ్జాయింపు అంకె ఒకటి చెబుతారు, తప్పు వాళ్లది కాదు. ముక్కలుగా అడగండి: విత్తనం ప్యాకెట్లు ఎన్ని, కౌలు ఎంత, ఎన్నిసార్లు మందు కొట్టారు, కోత కూలి రోజుకెంత, టిక్కీలు ఎన్ని, ఒక్కో టిక్కీ ఎంత తూగింది. టిక్కీలన్నీ ఒకే తూకం ఉండవు. మొత్తం మీరే కూడి, ఆ అంకెను మళ్లీ రైతుకే వినిపించండి. “లేదు బాబూ, రెండో కోత కూలి మర్చిపోయా” అనే మాట అప్పుడే వస్తుంది.

నోటుబుక్కులో ఎడమ పేజీ వాళ్లు చెప్పినదానికి, కుడి పేజీ మీరు కళ్లారా చూసినదానికి. రాసేటప్పుడు రెండూ కలిసిపోకుండా ఇదే కాపాడుతుంది.

వివరణ కోరేటప్పుడు ప్రశ్నలను మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా పంపి, కనీసం 48 గంటలు ఇవ్వండి. జవాబు రాకపోతే ఏ రోజు పంపారో, ఎన్నిసార్లు ఫోన్ చేశారో కథనంలో చెప్పండి. “అధికారులు స్పందించలేదు” అన్న వాక్యాన్ని డెస్కు నమ్మదు, కోర్టు అంతకన్నా నమ్మదు.

6. ప్రతిపాదన పంపండి, వ్యాసం కాదు

పూర్తి వ్యాసం రాసి పది చోట్లకు పంపడం అందరూ చేసే తప్పు. ముందు 150 పదాల ప్రతిపాదన, అదీ ఒక్క చోటికే. కింది నమూనాలోని వివరాలు కల్పితం, అల్లిక మాత్రం చూడండి.

“సర్, కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెట్టిన కౌలు రైతులకు బాండు మీద బ్యాంకు అప్పు పుట్టడం లేదు. భూమి కాగితం యజమాని పేరు మీద ఉందని తిప్పి పంపుతున్నారు. దాంతో సరుకు స్టోరేజీలోనే ఉండగా బయట వడ్డీకి తెస్తున్నారు. రెండు గ్రామాల్లో ఆరుగురితో మాట్లాడాను. నలుగురి బాండ్ల నకళ్లు, ఒకరి తిరస్కరణ లేఖ నా దగ్గర ఉన్నాయి. బ్యాంకు వివరణ శుక్రవారానికి వస్తుంది. 1,100 పదాలు, నాలుగు ఫోటోలు, 20వ తేదీకి ఇవ్వగలను. మిర్చి మార్కెట్ మీద ఏడాదిగా పనిచేస్తున్నాను.”

కొత్త విషయం మొదటి వాక్యంలోనే ఉంది. చేతిలో ఏముంది, ఇంకా ఏం రావాలి, ఎంత పొడవు, ఎప్పటికి అన్నవి అడక్కుండానే చెప్పింది. ‘రైతుల కన్నీటి గాథ’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాటతో మొదలయ్యే మెయిళ్లు రోజూ వస్తాయి కాబట్టి తెరవరు.

దినపత్రిక ఎడిట్ పేజీకైతే ఐదు రోజులు, ఆదివారం అనుబంధానికైతే రెండు వారాలు చూడండి. ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ‘మరోచోట ఇస్తున్నాను’ అని ఒక్క లైను రాసి ముందుకెళ్లండి. ఒకే కథనం రెండు పత్రికల్లో ఒకే రోజు వస్తే రెండు తలుపులూ మూసుకుంటాయి.

7. కాపీ (రాసిన కథనం) అప్పగించేటప్పుడు

యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి. చాలాచోట్ల పేజీలు ఇప్పటికీ యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కడతారు. ఫాంటు మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు కలిసిపోయి మరో మాటలా కనిపిస్తుంది. అసలు ఎలా ఉండాలో చూసుకోవడానికి సబ్ ఎడిటర్‌కు ఆ పీడీఎఫ్ ఆధారం.

పంపే ముందు:
- లక్షలు, కోట్లు, క్వింటాళ్లు, టన్నులు ఒకసారి కాల్‌క్యులేటర్‌తో సరిచూశారా?
- ఊరు, మండలం, జిల్లా ఇప్పటి పేర్లేనా? 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి, పాత అలవాటులో గుంటూరు జిల్లా అని రాసిన ఊరు పల్నాడులో ఉండొచ్చు
- ప్రతి ఫోటోకు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వ్యాఖ్య ఉందా?
- ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో డెస్కు కోసం విడి కాగితం పెట్టారా?

8. చట్టం దగ్గర జాగ్రత్త

సంస్థ ఉద్యోగికి లీగల్ సెల్ ఉంటుంది, మీకు ఉండదు. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. నిజం రాశామంటే సరిపోదు. అది ప్రజాప్రయోజనం కోసమేనని కూడా నిలబెట్టుకోవాలి. అందుకే ‘దొంగ’, ‘ముఠా’ లాంటి విశేషణాలు తీసేసి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. వాక్యం చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి.

అత్యాచార బాధితుల గుర్తింపును, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదు. పేరు తీసేసి ఊరు, బడి, తండ్రి వృత్తి రాస్తే గుర్తుపట్టేస్తారు. చట్టం దృష్టిలో అదీ తప్పే.

9. డబ్బు లెక్క

నెలకు ఇంటి ఖర్చు 30,000 రూపాయలు అనుకుందాం. తిరుగుడు, ఎదురుచూపులు పోను డబ్బు వచ్చే పని 15 రోజులకు మించి దొరకదు. అంటే మీ రోజు విలువ 2,000. మూడు రోజుల కథనానికి 6,000, పైన బస్సు చార్జీలు, జిరాక్సులు. తెలుగు పత్రిక ఒక్కటే దీన్ని ఇస్తుందని ఆశపడొద్దు. మిగతాది అదే ఫైలు నుంచి రావాలి: ఇంగ్లిష్ వెబ్‌సైటుకు వేరే కోణంలో కథనం, ఆడియో స్క్రిప్టు, అనువాదం. స్వచ్ఛంద సంస్థలకు నివేదికలు రాసి పెట్టొచ్చు కానీ, మీకు డబ్బిచ్చిన సంస్థ గురించి వార్త రాయకండి. తప్పనిసరైతే ఎడిటర్‌కు ముందే చెప్పండి.

బిల్లులో ఉండాల్సినవి: బిల్లు నంబరు, తేదీ, కథనం శీర్షిక, అచ్చయిన తేదీ, ఒప్పుకున్న మొత్తం, పాన్, బ్యాంకు వివరాలు. ఒప్పుకున్న మొత్తం ఫోన్లో మాట్లాడితే ఆ సాయంత్రమే “మీరు చెప్పినట్టు ఇంత” అని మెయిల్ పెట్టండి.

ఒకే సంస్థ నుంచి ఏడాదిలో వచ్చేది 50,000 దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. అది మీ పాన్ కింద జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మూడు నెలలకోసారి చూడండి. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

చిన్న సంస్థల కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు ఉచితం. నమోదైతే చెల్లింపుకు గరిష్ఠ గడువు 45 రోజులు, అది దాటితే వడ్డీ అడిగే హక్కు వస్తుంది. నోటీసు దాకా వెళ్లక్కర్లేదు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు ఉంటే చాలాసార్లు ఫైలు దానంతటదే కదులుతుంది.

10. హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి

కాపీరైట్ చట్టం ప్రకారం సంస్థలో ఉద్యోగి కాని రచయిత రాసినదానికి తొలి హక్కుదారు రచయితే. హక్కులు రాసివ్వాలంటే సంతకంతో కూడిన కాగితం ఉండాలి. అందులో కాలపరిమితి లేకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకేగా లెక్క.

‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అన్న వాక్యం కనిపిస్తే సంతకం పెట్టకండి. ‘మొదటి ప్రచురణ హక్కు, వెబ్ ఎడిషన్‌తో సహా’ అని మార్చమని అడగండి. చాలామంది మారుస్తారు, అడిగేవాళ్లే తక్కువ. ఇక్కడ చేజారితే తర్వాత మీ వ్యాసాలతో మీ పుస్తకం మీరే వేసుకోలేరు.

11. ఫైలు నుంచి పుస్తకం

అచ్చయిన వ్యాసాలన్నీ వరసగా కుట్టేస్తే పుస్తకం కాదు. ప్రతి వ్యాసంలోనూ మిర్చి అంటే ఏమిటో మళ్లీ చెప్పి ఉంటారు. పాఠకుడు మూడోసారికి పక్కన పెడతాడు. వ్యాసాలను పక్కనపెట్టి నోటుబుక్కులు, తేదీల పట్టిక ముందేసుకోండి. పది అధ్యాయాల పేర్లు, ఒక్కోదానికి ఐదు వాక్యాలు. ఏ అధ్యాయంలో కొత్త విషయం లేదో అప్పుడే బయటపడుతుంది.

పొడవు లెక్క సులువు. డెమ్మీ (మామూలు పుస్తకాల) సైజు పుస్తకంలో పేజీకి దాదాపు 250 తెలుగు పదాలు పడతాయి. ఫారం అంటే 16 పేజీలు. పది ఫారాలు, అంటే 160 పేజీలకు ముందుమాటలు పోను 37,000 పదాలు కావాలి. 163 పేజీలు వస్తే ఆ మూడు పేజీల కోసం మరో ఫారం ఖర్చు పడుతుంది, కాబట్టి తగ్గించండి.

ప్రచురణకర్త దొరికితే ఒప్పందంలో చూడాల్సినవి:
- రాయల్టీ (అమ్మకాల్లో రచయిత వాటా) దేని మీద: ముద్రిత ధర మీదా, వసూలైన సొమ్ము మీదా?
- మొదటి ముద్రణ ఎన్ని కాపీలు, రచయితకు ఎన్ని?
- ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు విడివిడిగా రాశారా?
- పుస్తకం ఏడాది పాటు దొరక్కపోతే హక్కులు వెనక్కి వస్తాయా?

పాత పన్ను విధానంలో ఉన్న రచయితలకు ఇలాంటి పుస్తకాల రాయల్టీ మీద ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు ఉంది. పత్రికా వ్యాసాల పారితోషికానికి అది వర్తించదు. రెండింటినీ ఖాతాలో వేర్వేరుగా చూపండి.

12. సొంతంగా అచ్చువేస్తే

70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) మాప్‌లితో కాగితం, 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అట్ట మామూలు పుస్తకానికి చాలు. 500 కాపీలతో మొదలుపెట్టండి. వెయ్యి వేస్తే కాపీ ఖర్చు తగ్గే మాట నిజమే, మంచం కింద మిగిలే కట్టలూ నిజమే.

ధర పెట్టేటప్పుడు దుకాణాల వాటా మరచిపోతారు. కాపీకి 70 రూపాయలు ఖర్చయి, ధర 200 పెడితే, 40 శాతం కమీషన్ పోయాక చేతికి 120. లారీ ట్రాన్స్‌పోర్టు, తపాలా, ఉచిత కాపీలు పోను 30 మిగిలితే గొప్ప. ధర 120 పెట్టి ‘అందరికీ అందుబాటులో’ అంటే చేతికి వచ్చే 72లో రవాణా కూడా గిట్టదు. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో పాఠకుడికి నేరుగా అమ్ముడుపోయే కాపీలే గట్టెక్కిస్తాయి. అచ్చు ఆ తేదీలకు నెల ముందే పూర్తయ్యేలా చూసుకోండి.

ప్రెస్సుకు ఇచ్చేముందు:
- ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు): రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఈ-బుక్కుకు వేరే నంబరు
- ఫాంటు మార్చాక మొదటి పేజీ నుంచి మళ్లీ ప్రూఫు. మార్చకముందు చూసిన ప్రూఫు లెక్కలోకి రాదు
- పట్టికల్లో అంకెలను ఇద్దరు కలిసి, ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూడటం
- అట్ట వెన్ను మీద పేరు సరైన దిశలో ఉందా

అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు కాపీలు పంపాలి. ఆ చట్టం 1954 నాటిది, సొంతంగా వేసుకున్నవాళ్లకూ వర్తిస్తుంది.

గ్రంథాలయాలకు పంపిన వారంలోనే ఫైల్లోని మనుషుల జాబితా తీయండి. పాతిక మందికీ ఒక్కో కాపీ చేర్చండి, చదవడం రానివాళ్లకు వెళ్లి వాళ్ల అధ్యాయం చదివి వినిపించండి. తూకం తప్పు రాశారని, ఆ రకం కాయ ఆ నేలలో పండదని ముందుగా పట్టుకునేది వాళ్లే. అవన్నీ మీ సొంత కాపీలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి, రెండో ముద్రణ దాకా ఆ కాపీ ఎవరికీ ఇవ్వకండి.